కొండ దిగని అక్క

ఉపోలు దీవిలో ఊరికి పైనున్న కొండవాలు. సాయంకాలం. సలోటే మోకాళ్ళ మీద కూర్చుని మొక్కలు నాటుతోంది. ఈ ఏడాదే కుటుంబ పెద్దరికం అందుకున్న ఆమె తమ్ముడు లౌతాఫి, చేతిలో తిండి బుట్టతో ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

"అది కాదక్కా, నే చెప్పేది సాంతం విను."

"వింటున్నాగా. చెవులతో వింటా, చేతులతో కాదు. ఆ మొక్క ఇలా అందివ్వు."

"రేపు పొద్దున్నే ఊరి కుర్రాళ్ళు కత్తులూ రంపాలూ పట్టుకుని వస్తున్నారు. కొండంతా చదును చేసి చామ వేస్తారట. పెద్దల సభలో తీర్మానమైపోయింది."

"మన కొండ మీద వాళ్ళ తీర్మానమేమిటి?"

"మనదే, కాదన్నదెవరు? కానీ నువ్వు చేసిన పనేమిటి? పచ్చగా ఉన్న రబ్బరు చెట్లకి చుట్టూ బెరడు ఒలిచి నిలువునా ఎండబెట్టావు. కింద నుంచి చూస్తే కొండ ఎముకల గూడులా ఉంది. ఊరికే పడున్న నేల కదా, పంటకివ్వండి అంటున్నారు."

"ఊరికే పడుందా? నీ కాలి కింద చూసుకో. తొక్కుతున్నావు, జరుగు."

"ఇదా? గడ్డి అనుకున్నాను."

"మవోతా మొక్కరా. తాతల నాటి అడవంతా ఇవే చెట్లు. లోయ అవతల ఇంకా నాలుగు ముసలివి మిగిలాయి, వాటి కింద గింజలు ఏరుకొచ్చి మొలకెత్తించాను. ఒకప్పుడు అడవి పావురాలు చేసే పని ఇది. కాయలు తిని కొండంతా జల్లేవి."

"ఆ పావురాలేవీ మరి?"

"తిండి లేక పోయాయి. వాటి వంతు పని నా నెత్తిన పడింది."

"ఊళ్ళో నిన్ను పిచ్చిదంటున్నారక్కా."

"నా ఎదురుగా అనమను."

"ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? అందుకేగా నన్ను పంపారు."

"మంచిది. నీళ్ళు పొయ్యి. మొదట్లో పొయ్యి, ఆకుల మీద కాదు."

"పోస్తున్నా... మోకాలెత్తు కూడా లేదు. దీనికోసం పెద్దలందర్నీ ఎదిరిస్తావా?"

"నువ్వు మోకాలెత్తున్నప్పుడు నిన్నూ ఎవరూ పెద్దమనిషి అనుకోలేదు. ముక్కు తుడిచి నేనే పెంచాను."

"నవ్వులాట కాదు. ఆ చామ ఓడెక్కి పరదేశం పోతుందట. ఊరంతా బాగుపడుతుందంటున్నారు. నీకు పంటంటే పడదా?"

"చామ మీద నాకు పగేమిటి? ఇందాకట్నుంచీ నీ బుట్టలోంచి ఉడికిన చామాకు వాసనే వస్తోంది, నోరూరి చస్తున్నాను. కింద చదును నేలంతా ఉంది, అక్కడ వేసుకోమను. ఈ వాలు మీద మట్టిని పట్టుకునే వేళ్ళుండాలి. ఆ తుఫానేడు ఏమైందో మరిచావా?"

"మరవలేదు."

"అమ్మ సమాధి మీద బురద ఎవరు తోడారు?"

"మనమే."

"చేతుల్తో. పార కూడా కొట్టుకుపోయింది. నువ్వు ఏడుస్తూ తోడావు, నేను తిడుతూ తోడాను. అప్పుడు ఈ కొండ మీదున్నవన్నీ తెల్లవాళ్ళు తోటల కోసం తెచ్చి వదిలేసిన రబ్బరు చెట్లే. ఒక్క గాలికి పడుకున్నాయి. పడ్డవి పడుండక, కొండనీ వెంటబెట్టుకుని దిగాయి. మళ్ళీ అవే మొలిచాయి."

"నిజమే. నేను కాదన్నానా? అయినా ఈ ఒక్కసారికి దిగిరా. బతిమాలుతున్నా."

"సభలో ఈ మాట ముందు ఎవరెత్తారు?"

"ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరికి పేరుండదా?"

"అందరూ అన్నారక్కా."

"నువ్వు?"

"చామాకు చల్లారిపోతోంది. ముందు తిను. నీకని కొబ్బరిపాలు ఎక్కువ పోయించాను."

"నువ్వేమన్నావురా?"

"తిన్నాక చెబుతా."

"తలూపి వచ్చావు కదూ? కొత్త పెద్దరికం. మెడలో ఆ ఎర్ర మొగలికాయల దండ బరువుకి తల దానంతటదే వంగుంటుంది."

"అంత మాటనకు."

"అంటాను. రేపు వాళ్ళతో నువ్వూ రా. ముందు వరసలో నిలబడు. నేనిక్కడే కూర్చునుంటా. రంపం నీ చేతికే ఇమ్మను. ముందు నన్ను లేపి పక్కన పడేసి, ఆ తర్వాత మొక్క మీద చెయ్యెయ్యి."

"అంటే దిగవు."

"దిగను."

"నా కోసమైనా?"

"నీ కోసమైనా దిగను. నీ పిల్లల కోసమైతే అసలు దిగను."

"ఇంకోసారి ఆలోచించు. ప్రార్థన శంఖం ఊదేలోపు చెబితే చాలు."

"నా ఆలోచనకీ శంఖానికీ ఏమిట్రా సంబంధం?"

"ఏం లేదు. ఊరికే అన్నా... అదిగో. ఊదేశారు."

"ఊదనీ. అలా కూలబడ్డావేం? వెళ్ళు. ప్రార్థన వేళకి ఇంటిపెద్ద లేకపోతే ఎలా?"

"వెళ్ళడానికి లేదు."

"ఏం?"

"నువ్వడిగావుగా, నేనేమన్నానని. మీ అక్కని కొండ దిగమని ఆజ్ఞ ఇవ్వు అన్నారు సభలో. అక్కకి ఆజ్ఞ ఇచ్చే నోరు తమ్ముడికి లేదన్నాను. కావాలంటే బతిమాలతానన్నాను, అంతే. శంఖం ఊదేలోపు నువ్వు దిగకపోతే నేనూ నావాళ్ళూ ఊళ్ళో ఉండకూడదన్నారు."

"ఒరే... వచ్చీరాగానే చెప్పొచ్చు కదా. చెప్పుంటే నేను..."

"చెబితే దిగేదానివి. అందుకే చెప్పలేదు. నీ మరదలు చాపలు చుట్టేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని దారిలో ఉంది. రేపు పొద్దున వాళ్ళొచ్చేసరికి ఎవరం ఎక్కడ కూర్చోవాలో చెప్పు."