ఆపకూడని నీళ్ళు

ఫ్రాన్సులో షాబ్లీ కొండవాలు మీద ద్రాక్షతోట. ఏప్రిల్ నెల, ఇంకా పొద్దు పొడవలేదు. పంపు షెడ్డు గుమ్మంలో అంతెల్మ్, అతని భార్య ఓడిల్ గడగడ వణుకుతూ నిలబడ్డారు. మంచుకి మాడిపోకుండా మొగ్గల మీద రాత్రి నుంచీ పంపుతో నీళ్ళు చిమ్ముతూనే ఉన్నారు.

“ఆగిందా? అంతెల్మ్, పంపు ఆగిందా?”

“ఆగలేదే తల్లీ! ఒకసారి దగ్గింది, అంతే. మాటిమాటికీ నా గుండె ఆగేలా అరవకు.”

“మొగ్గలు చూశావా? ఒక్కోటీ గాజుగోళీలో పెట్టినట్టుంది. లోపల బతికే ఉందంటావా?”

“నీళ్ళు పడి గడ్డ కడుతున్నంతసేపూ లోపలి మొగ్గకి ఏం కాదు. ఎండొచ్చి ఆ మంచు దానంతటది కరిగి రాలాలి. అప్పటిదాకా నీళ్ళు ఆగకూడదు.”

“మధ్యలో ఆగితే?”

“నోరు మంచిది కాదా నీది? ఆగితే అంతా మాడి మసే. అసలు తడపని తోటే నయం, నాలుగు మొగ్గలైనా మిగులుతాయి. తడిపి ఆపితే ఒక్కటి మిగలదు.”

“మరి... అవతల రెమీ తోట?”

“వాడి ఊసెందుకిప్పుడు?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే అడగవు నువ్వు. నాన్న వేయించిన పైపు వాడి తోటలోకీ ఉంది. వాడుకోరా తమ్ముడూ అంటే, నీ పంపు నీళ్ళు నాకక్కర్లేదు పొమ్మన్నాడు. ఏం పౌరుషం! నిరుడు మంచుకి పంటంతా ఊడ్చిపెట్టుకుపోయినా బుద్ధి రాలేదు.”

“ఈసారీ పోతే తోట అమ్మేసి ఊరొదిలి పోతాడట. ఆ పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది నాకు.”

“పోతే పోనీ.”

“పోనీయా? నీ తోడబుట్టినవాడు!”

“ఓడిల్. ఏం చేశావు?”

“నేనా? నేనేం చేశాను?”

“నా మొహం చూసి చెప్పు.”

“తిట్టనంటే చెబుతా.”

“తిట్టను. చెప్పు.”

“రాత్రి పంపులో డీజిల్ తగ్గితే నువ్వు మళ్ళీ పోస్తున్నావు చూడు, అప్పుడు వెళ్ళి... వాడి తోటవైపు వాల్వు తిప్పేశాను. మనకి నీళ్ళు తగ్గుతాయేమోనని ఇందాకటిదాకా భయంతో చచ్చాను. తగ్గలేదు! ఇంకా జోరుగా కొడుతున్నాయి. దేవుడే చూశాడు.”

“లైటు పట్టుకెళ్ళావా?”

“లైటేస్తే నీకు తెలిసిపోదూ? చీకట్లో తడుముకుంటూ వెళ్ళాను. పిడి దొరికింది, ఉన్నవైపు నుంచి రెండోవైపుకి తిప్పేశాను. ఏంటలా చూస్తావు? తమ్ముడికే కదా!”

“పంపు వెయ్యగానే వెళ్ళి దాన్ని నేనే తెరిచొచ్చాను, ఓడిల్. నువ్వు మూసేశావు.”