తలుపు కొట్టిన చెయ్యి

క్రిస్మస్‌కి ఇంకా మూడు రోజులున్నాయి. తార్నూవ్ సంతలో యద్విగ చేపల తొట్టి ముందు లైను వీధి మలుపు దాకా ఉంది. అందరికంటే ముందున్నది వితోల్డ్, ఒకప్పటి బస్సు డ్రైవరు. చేప కొనడు, పక్కకీ జరగడు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యకుండా మొదలెట్టాడు.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు యద్విగమ్మా. టీవీలో పోయినేటి నించీ పండగ ప్రకటన వస్తోందే, మంచులో ఎవరో వచ్చి తలుపు కొడతారు, లోపల ముసలావిడ దారినపోయే వాళ్ల కోసం వేసిన ఖాళీ పళ్లెం వైపు చూసి లేస్తుంది, అది. ఆ తలుపు కొట్టే చెయ్యి నాది. అంతే. చిన్న వేషం."

"అబ్బో!" అంది లైన్లో ఎవరో.

"బస్టాపులో నిలబడుంటే ఆ డైరెక్టరు నా చెయ్యి చూసి బతిమాలుకున్నాడు. సరే అని మూడు దెబ్బలు కొట్టాను. ఏమైందో తెలుసా? కెమెరా వాడు ఏడుపు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. రెండోసారి కొడితే ఆ ముసలావిడ వేషం మర్చిపోయి 'తమ్ముడూ!' అని నామీద పడి ఏడ్చింది. పండక్కి వండుకోడానికి స్నానాలతొట్టిలో బతికుంచిన చేప కూడా ఏడ్చిందమ్మా, నీళ్లు పొర్లి కింద వాటాలోకి కారాయి."

"చేపకి కన్నీళ్లెక్కడివి బాబాయ్?" అన్నాడు లైన్లో ఒక కుర్రాడు.

"నువ్వు నా దెబ్బ వినలేదు కాబట్టి అడుగుతున్నావ్! టీవీలో వచ్చిన సాయంత్రం వార్సాలో ట్రాములన్నీ ఆగిపోయాయి, డ్రైవర్లకి కళ్లు కనపడక. ఇరవై ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఫోన్లు చేసుకున్నారు. విడాకులకెళ్లిన జంటలు కోర్టు మెట్ల మీదే చేతులు పట్టుకుని ఇళ్లకెళ్లిపోతే, పాపం లాయర్లు ఏడ్చారు. ఆ కన్నీళ్లకి విస్తులా నది మూరెడు పొంగింది!"

"ఇంతకీ ఆ ప్రకటన దేని గురించి?" అని అడిగాడు ఆ కుర్రాడే.

వితోల్డ్ ఎడంచేత్తో తల గోక్కున్నాడు. "సబ్బో, బ్యాంకో... ఏడ్చేటప్పుడు అవెవరు చూస్తారయ్యా? ఆ తర్వాత సంగతి విను. పదకొండు వేల ఇళ్ల నించి ఉత్తరాలు! పండగ రాత్రి మా ఖాళీ పళ్లెం ముందు మీరే కూర్చోవాలని. మోసుకొచ్చిన పోస్టుమాన్‌కి నడుం పట్టేసింది. ఎవరింటికని వెళ్లను చెప్పు?"

యద్విగ వల పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "ఆ ప్రకటన ముప్ఫైసార్లు చూశాను, ముప్ఫైసార్లూ ఏడ్చాను. ఆ చేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి. మీ చిటికెనవేలు బస్సు తలుపులో పోయిందని ఊరందరికీ తెలుసు. జేబులో దాచుకుంటే మొలుస్తుందా?"

లైను లైనంతా గొల్లుమంది. వితోల్డ్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

యద్విగ ముందుకి వంగి, అతనికొక్కడికే వినపడేలా గొంతు తగ్గించింది. "పోయినేడు పండగ రాత్రి చెత్త పారెయ్యడానికి మీ పై వాటాలోంచి మెట్లు దిగుతున్నా. మీ ఇంట్లో టీవీలో ఆ తలుపు చప్పుడైంది. మీరొచ్చి మీ తలుపు తీసి చూశారు. ఎవరూ లేరని మళ్లీ వేసుకున్నారు. ఆ పూటే పిలవాల్సింది, నోరు రాలేదు. మా అత్తగారి కాలం నించీ ఆ పళ్లెం వేస్తున్నాం, ఒక్కరొచ్చింది లేదు. ఈసారి మీరు రండి. ఆకాశంలో మొదటి చుక్క పొడవగానే భోజనానికి కూర్చుంటాం."

వితోల్డ్ తొట్టిలో చేపల్ని చూస్తూ అన్నాడు.

"వస్తా. కానీ తలుపు తీసి ఉంచకూడదు. నేనే కొట్టాలి. మూడు దెబ్బలు."

"కొట్టండి," అంది యద్విగ. "నాలుగు వేళ్లు చాలు."