కోటగోడల కదిలిన రాయి

ఇంక నేనేం జెయ్యాల్నో నువ్వే జెప్పు అండాలూ. పెండ్లాం మన్నులవోయినంక పదో దినానికి ఇల్లు జేరిన మొగోన్ని. ఊరంత నా దిక్కే అదోతీర్గ సూస్తాంది.

గా కరీబియన్ దీవిల హోటలు గోడలు కడుతుంటిమి గదా. ఆయితారం పొద్దుగాల నీ తమ్ముడు మల్లేశ్ ఫోన్ జేసిండు. "బావా, అక్కను దవాఖానల ఏసినం, జల్ది రా" అన్నడు. మేస్త్రీ సోమారానికి టికెట్ దీసిండు. గా ఒక్క పగలు ఎట్ల గడపాలె? అర్రల కూసుంటే పానం ఆగలే. తోటోళ్లు పాతకోట సూడ పోతుంటే ఎంట వోయిన.

సముద్రం ఒడ్డున పేద్ద కోటనే. తెల్లదొరలు కట్టిచ్చిండ్రంట. రాళ్లు మోసింది, కట్టింది గొలుసులేసి తెచ్చిన నల్లోళ్లంట. ఒక్కని పేరన్న లేదాడ. మంచి చేతిపని. తడిమి సూస్తుంటే ఒక రాయి కదిలింది.

వడ్డెరోని చెయ్యి ఊకుంటదా? కదిలే రాయిని ఇడిసిపెట్టి పోవుడు మా నాయిన నేర్పలే. కింద పడ్డ రాతిచెక్క సందుల వెట్టి, ఇంకో రాయితోని రెండు దెబ్బలేసిన. గట్టిగైంది.

గప్పుడే కావలాయన ఉరికొచ్చి రెక్క వట్టిండు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. కోటను పాడు జేసిననని ఠాణాల కూసోవెట్టిండ్రు. పాస్‌పోర్టు గుంజుకున్నరు. సోమారం విమానం నన్నిడిసి వోయింది.

బేస్తారం నాడు పానమిడిసే దాక నువ్వు తలుపు దిక్కే సూసినవంట. "వచ్చిండా?" అని అడిగినవంట. మల్లేశ్ జెప్పి ఏడ్సిండు.

ఊర్లె ఎవలకు జెప్పని మాటొకటుందే. ఆయితారం పొద్దూకకముందే ఠాణోళ్లు కాయిదం తెచ్చిండ్రు. "తప్పు జేసిన అని ఏలుముద్ర ఎయ్యి, గాలయ్యా, రేపు నీ విమానం నువ్వు ఎక్కుతవు" అని మేస్త్రీ కాళ్లావేళ్లా వడ్డడు. నేనెయ్యలే. పడే రాయిని నిలవెట్టినోన్ని, నాదేం తప్పని మొండికేసిన. నాలుగొద్దులు గట్లనే కూసున్న.

నువ్వు పోయినవని తెలిసినంక ఏసిన. పాస్‌పోర్టు చేతికొచ్చి, మల్ల టికెట్ దొరికేసరికి ఇన్నొద్దులైంది. తప్పు జేసిన అనే ఉండె గా కాయిదంల. గప్పటికి అది నిజమే అయిందే.