మూత తీయని షాబ్లీ

కెనడాలోని కిచెనర్‌లో జయదేవ్ పోయి ఏడాదైన రోజు. అతని ఫొటో ముందు ఇష్టమైనవన్నీ పెట్టి, అతను వచ్చి తినేందుకు గది తలుపు మూసి, తల్లీ భార్యా బయట కూర్చున్నారు.

“కల్లు దొరక్కపోతే విస్కీ అన్న పెట్టకపోతివి బిడ్డా. గా తెల్ల వైన్ ఏంది?”

“షాబ్లీ, అత్తమ్మా. ఫ్రాన్స్‌లో ఓ ఊరి పేరు. అక్కడి మట్టి నిండా పాతకాలపు సముద్రపు గవ్వలుంటాయట. అందుకే రొయ్యలకి ఇంత బాగా కుదురుతుందని ఆయన అనేవారు.”

“రొయ్యలల్ల కారమే లేదు!”

“కారం వేస్తే వైన్ రుచి తెలీదని నన్ను వేయనిచ్చేవారు కాదు.”

“నా చేతి కారం తిని పెరిగిన పోరడు... సరే, గ్లాసుల పోసినవా?”

“అయ్యో! సీసా అలాగే పెట్టేశాను. ఆ బిరడా తీయడం నాకు రాదు అత్తమ్మా. ఎప్పుడూ ఆయనే తీసేవారు.”

“మూత తియ్యకుంట పెడితే ఎట్ల తాగుతడు? వాడు రాకముందే జల్ది పోయి, ఎట్లనన్న తీసి రా.”

కోడలు లేచి తలుపు మీద చెయ్యి వేసింది. లోపల టప్పున బిరడా ఊడిన చప్పుడైంది.

“అత్తమ్మా...”

“ఇన్న. తలుపు తియ్యకు బిడ్డా. వాన్ని తిననియ్యి.”