మాట బంద్

హలో… ఆ, నేనేనమ్మా, ట్రంకాల్ బుక్ చేసింది నేనే… సుమిత్రను. ఊర్లె బడి టీచర్‌ను. మీ బిడ్డ జానకికి పాఠం చెప్పేటి—

ఫోను పెట్టెయ్యకుండ్రి! దండం పెడుత, ఒక్క నిమిషం…

కోరుట్ల పోస్టాఫీసుల ఉన్న… లేదమ్మా, నన్నెవ్వలు తోలియ్యలే. నేనే వచ్చిన… రైతుకూలి సంఘపోల్లు నన్నెందుకు తోలుతరు? నేను సంఘం మనిషిని కాదు. పోలీసు క్యాంపుల గూడ గదే అడిగిండ్లు. పిల్లలకు ఏం నూరిపోస్తున్నవని పొద్దుగూకేదాక కూసోవెట్టిండ్లు.

…మేమా? పద్మశాలోల్లం. మాది సిరిసిల్ల… అవు, మగ్గం నేసేటోల్ల బిడ్డనే. అయితే ఏందమ్మా?

సరే. తిట్టుండ్రి. తిట్టినంక జానకి ఎట్లున్నదో ఒక్క మాట చెప్పుండ్రి.

…

ఏంది?

మాట్లాడుతలేదా… ఊరిడిసి హైదరాబాదు వచ్చిన కాన్నుంచా? మీతోని గూడనా?… డాక్టర్‌కు చూపిచ్చిండ్లా… గొంతుల ఏం లేదన్నడా.

…ఉన్న, ఉన్న, లైన్లనే ఉన్న.

తాత కనవడంగనే లేచి పక్క అర్రలకు పోతదా… తాత నర్సింగ్ రావు దొరే దగ్గరికి తీసినా పోదా…

అమ్మా, ఎందుకు మాట్లాడుతలేదో నాకు ఎర్కే. బడిల జరిగిన సంగతి మీదనే ఫోన్ చేసిన. కాని ఇంత అయితదనుకోలే… చెప్తున్న. మొదటి నుంచి చెప్పనియ్యుండ్రి.

పుస్తకంల రాజుల పాఠం నడుస్తుంటె మీ జానకే లేచింది. 'మనూరికి చరిత్ర లేదా టీచర్?' అన్నది. ఎంత మంచిగ అడిగిందని మురిసిన. ఇంట్ల ముసలోల్లను అడిగి రాండ్రి, ఎనకట మనూరు ఎట్లుండెనో అందరం చెప్పుకుందం, అన్న… ఆ. నేను చేసింది గదే.

అడిగొచ్చిండ్లు. ఒక్కొక్కలు లేచి చెప్పిండ్లు. ఒగని అవ్వ మీ గడిల వడ్లు దంచింది, కూలి లేదు. ఒగని తాత దొర బండి ముందట ఉరికిండు. ఎల్లవ్వ లేచింది… చంద్రయ్య మన్మరాలు. మీ గడి వాకిలి ఊడిచిన చంద్రయ్య, మీకెర్కే గద. గదే వాకిట్ల వాల్ల తాత చెయ్యి ఎట్ల ఇరిగిందో చెప్పింది… నేను చెప్పియ్యలేదమ్మా. చంద్రయ్యే చెప్పిండు పిల్లకు.

జానకి గూడ అడిగొచ్చింది. 'మా తాత గసొంటిదేం లేదన్నడు' అన్నది.

అంతే. 'మరి మా తాత చెయ్యి దానంతట అదే ఇరిగిందా?' అన్నది ఎల్లవ్వ. ఇద్దరు పక్కపక్కకే కూసుంటరు రోజు, ఒక్క పలకనే ఇద్దరు తుడుస్తరు. జానకి తలకాయ దించుకున్నది.

నేనా… నేను గంట కొట్టిచ్చిన. ట్రైనింగుల పాఠం చెప్పుడు నేర్పిండ్లు. చెప్పినంక గా పిల్లలు ఒగల మొకం ఒగలు ఎట్ల చూసుకోవాల్నో నేర్పలే.

…

పగటి ఛుట్టీల పంచాయితి ఆట ఆడిండ్లు. ఆటనేనమ్మా. జగిత్యాలల సంఘం మీటింగైనంక సాకలోల్లు, మంగలోల్లు మీ గడికి రావుడు బంద్ వెట్టిండ్లు గద. పిల్లలు రోజు చూస్తున్నరు. గట్లనే చేసిండ్లు. ఎల్లవ్వ పంచాయితి పెద్ద. జానకిని నడుమ నిలవెట్టి—

లేదు! ఎవ్వలు చెయ్యి ఎయ్యలే. 'నీతోని మాట బంద్. నువ్వు గూడ ఎవ్వల్తోని మాట్లాడొద్దు. ఒప్పుకుంటవా?' అన్నది ఎల్లవ్వ.

జానకి తలకాయ ఊపింది.

…అవునమ్మా. ఒప్పుకున్నది. కిటికీలకెల్లి చూసిన నేను. ముద్దుగ ఆడుతున్నరని నవ్విన గూడ.

గా ఒక్కనాటికే అనుకున్నరట, తెల్లారి ఎత్తేద్దుమని. తెల్లారేసరికి మీరు జీపుల సామానేసుకొని ఎల్లిపోయిండ్లు… తప్పు వట్టుతలేను. మీకు ఎంత భయమైతె పోయిండ్లో నాకు తెల్వదా.

గంతే. బంద్ పెట్టినోల్లే ఎత్తెయ్యాలె. పెద్దోల్ల పంచాయితిల గూడ గదే రివాజు, నలుగురిల పెట్టింది నలుగురిల ఎత్తేస్తరు. జానకికి ఎవ్వలు ఎత్తెయ్యలే. మీ బిడ్డ ఇంకా… ఇంకా ఒప్పుకొనే ఉన్నదమ్మా.

…

ఏడ్వకుండ్రి. అమ్మా…

ఎల్లవ్వ వచ్చింది నా ఎంబడి. ఇగో, నా కొంగు వట్టుకొని నిలవడ్డది. ఎన్నడు బస్సెక్కలే, కోరుట్ల దాక కక్కుకుంట వచ్చింది… చంద్రయ్యే తోలిచ్చిండు. 'నువ్వు పెట్టినవు, నువ్వే పోయి ఎత్తెయ్యి' అన్నడట… అవు, గా చంద్రయ్యనే.

జానకి చెవుకాడ పెట్టుండ్రి ఫోను… గంతే చాలు.

ఆ సార్, ఎక్స్‌చేంజా? ఇంకో మూడు నిమిషాలు సార్. కట్ చెయ్యకుండ్రి, పైసలు కడుత.

…

జానకీ… నేను బిడ్డా, టీచర్‌ను.

నువ్వేం మాట్లాడకు. ఇను, గంతే. మీ తాతను అడిగినవు చూడు, క్లాసుల ఎవ్వలకు లేని ధైర్యం గది. ఆనాడే అందరి ముందట చెప్పేది ఉండె. నేను చెప్పలే… నీ తప్పేం లేదు. తాత చేసిందానికి నీకు శిక్ష లేదు బిడ్డా.

ఎల్లవ్వా, దా. ఇట్ల పట్టు… కింది దాంట్ల మాట్లాడు… దార్ల పొంట నాకు చెప్పుకుంట వచ్చినవు గద, గట్లనే. ఏడ్సుకుంటనన్న చెప్పు.

…

గట్టిగ. ఇనవడలేదేమో. మల్లొకసారి.

…

ఇటియ్యి. జానకీ, ఇన్నవా? బంద్ ఎత్తేసిన అన్నది. క్లాసు మొత్తం ఎత్తేసింది. నీ జాగల ఎవ్వలు కూసుంటలేరు, ఎల్లవ్వ కూసోనిస్తలేదు… ఇప్పుడు మాట్లాడొచ్చు. ఒక్క మాట. నాతోని వద్దు… 'ఎల్లవ్వా' అను.

…

ఉన్నవు. ఊపిరి ఇనవడుతున్నది…

…

ఆ, అమ్మా. మీరా… ఏం చేసింది? తలకాయ ఊపిందా?

…ఆనాడు గూడ గట్లనే ఊపిందమ్మా.

హలో… హలో! సార్, ఎక్స్‌చేంజ్… సార్…

…

పోయింది బిడ్డా. లైను పోయింది… ఆ, ఇన్నది. నువ్వు చెప్పింది ఇన్నది.

…లే. మాట్లాడలే. తలకాయ ఊపిందట.

సరే అన్నట్టో, ఇంకా ఒప్పుకున్నట్టో… ఏమో ఎల్లవ్వా. నాకు తెల్వది.

చెవుకాడ ఎందుకు పెట్టుకున్నవు ఇంకా? ఏం ఇనరాదు బిడ్డా… సరే. ఇంకొద్దిసేపు పట్టుకో. తర్వాత మెల్లగ పెట్టు.