మూడేళ్ల మాత్ర

అది కాదు డాక్టరమ్మా, మూడేళ్లుగా ఈ మాత్రలు మింగుతున్నాను, ఎలా ఉన్నావని అడిగిన నాథుడు లేడు. ఇవాళ మీరొచ్చి, మనిషిని చూడందే చీటీ రాయనంటే ఎలా? కుట్టుషాపుకి తాళం వేసుకుని వచ్చాను. స్కూలు యూనిఫాంలు నలభై జతలు అలాగే ఉన్నాయి.

మీకు ముందున్న పెద్ద డాక్టరుగారు చాలా మంచివారు. తలెత్తి చూడలేదు, అంతే. మొదటిసారి తర్వాత ఆయన్ని కలిసే పనే పడలేదు. కిటికీలోంచి చీటీ ఇచ్చేవాళ్లు, నేను పట్టుకుపోయేదాన్ని. నవ్వకండి. కొలతలు తీయకుండా మూడేళ్లూ ఒకే సైజు కుడితే నా గుమ్మం ఎవరైనా తొక్కుతారా, మీరే చెప్పండి.

అసలెందుకిచ్చారా? మిషను ముందు కూర్చునేదాన్ని గానీ సూదిలో దారం ఎక్కించేదాన్ని కాదు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. మా అక్క రెక్క పుచ్చుకుని ఇక్కడికి లాక్కొచ్చింది. అబద్ధమెందుకు, మందు పనిచేసింది. రెండు నెలల్లో మళ్లీ కత్తెర పట్టాను.

నిద్రా? పడుతోంది. ఆకలా? నన్ను చూస్తే తెలియట్లేదూ?

మధ్యలో మానేశానా అంటే... భలే పట్టేస్తారే మీరు. మానేశాను. పోయిన వారం, నాలుగు రోజులే. తల తిరిగిపోయి మిషను సూది వేల్లో దిగింది. ఈ కట్టు అదే. మళ్లీ మొదలుపెట్టాన్లెండి. తిట్టండి, పడతాను.

ఎందుకు మానావంటే ఏం చెప్పను. ఏడుద్దామని.

మా అక్క పోయి ఆరు నెలలైంది. ఆవిణ్ణి పడుకోబెట్టినప్పుడు రవిక భుజం దగ్గర కుట్టు ఊడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక్క చుక్క రాలేదు. దీని గుండె గట్టిదే అన్నారు అందరూ. నాలుగు రోజులు మాత్ర మానినా రాలేదు.

ఏంటీ? కొందరికి మందు వల్ల అలా అవుతుందా? నాలుగు రోజులు మానితే తేలేది కాదా?

సరే, మీరన్నట్టే మెల్లగా తగ్గించి చూద్దాం. రెండు వారాలకోసారి రమ్మన్నారుగా, వస్తాను. షాపెక్కడికి పోతుంది.

అబ్బే, ఏం లేదు, బాగానే ఉన్నాను. ఈ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఆరు నెలల్నుంచీ మా అక్కంటే నాకసలు ప్రేమే లేదేమో అనుకుంటున్నానమ్మా.