పందొమ్మిది కిలోమీటర్లు

మూడో అంతస్తు ఫ్లాట్‌లో ముందుగది. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే భార్య, టైలర్ భర్త, వాళ్ళకెదురుగా ఒళ్ళో ఫైలు పెట్టుకున్న ఇన్సూరెన్స్ సర్వేయరు. కింద పార్కింగులో వాళ్ళ కారు మీద వెనకింటి ప్రహరీగోడ పడి మూడు రోజులైంది.

“మళ్ళీ చూడండి సార్. ఆ అంకె తప్పు.”

“మూడుసార్లు చూశాను మేడమ్. ఫొటో కూడా తీశాను. మీరు ఏడాదికి తీసుకున్నది నాలుగు వేల కిలోమీటర్లు. బండి తిరిగింది నాలుగు వేల పదకొండు.”

“తిరగలేదంటున్నాను కదా!”

“మీటరు తిరిగిందంటోంది మేడమ్.”

“తక్కువ తిరిగేవాళ్ళకి ఇదే మంచి పాలసీ అని చెప్పింది మీ ఏజెంటే. ఎంత తిరిగితే అంతకే కట్టండి, మూలన పడుండే బండికి పూర్తి ప్రీమియం ఎందుకమ్మా అన్నాడు. నిజమే కదా అని తీసుకున్నాను. ఆ రోజునుంచీ ఎక్కడికెళ్ళినా రాసిపెట్టాను. ఇదిగో పుస్తకం. ల్యాబుకి, పద్నాలుగు. మా ఆడపడుచు ఇంటికి, ఇరవై రెండు…”

“పక్కవీధికి కూరగాయలకెళ్ళినా రాస్తుంది సార్ మా ఆవిడ.”

“మీరాగండి. ఇదిగో, ఈ నెల అయిదో తారీఖు, చివరి లైను. మూడు వేల తొమ్మిది వందల తొంభై రెండు. అక్కడితో ఆపేశాను. మిగిలిన ఎనిమిదీ ఏ అర్జెంటుకో ఉంటాయని తాళం హుక్కుకి తగిలించి, రోజూ రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్తున్నాను. రెండు బస్సులు సార్! నిలబడి!”

“అర్థమైంది మేడమ్. కానీ తీసుకున్న కిలోమీటర్లు దాటాక, మళ్ళీ టాప్-అప్ వేయించుకునేదాకా, మీ బండికి జరిగిన నష్టానికి కవర్ ఉండదు. మీ బండి వల్ల అవతలివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రం ఉంటుంది.”

“ఆగి ఉన్న బండి సార్ అది! ఆగి ఉన్న బండి మీద గోడ పడితే కిలోమీటర్లతో ఏం పని?”

“నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ రూలు రాసింది నేను కాదు.”

“రాసినాయన నంబరివ్వండి.”

“అది నాక్కూడా తెలీదు మేడమ్.”

“పోనీలేవే. పదకొండు కిలోమీటర్ల దగ్గర ఎందుకింత…”

“పోనీలే అంటారేంటండీ? కాలరు దగ్గర అర అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్ళీ కుట్టే మనిషి మీరు! పైగా పదకొండు కాదు, పందొమ్మిది. నేను ఆపేశాక పందొమ్మిది కిలోమీటర్లు నడిచిందా బండి. ఎవరు నడిపారు?”

“మెకానిక్కేమో. సర్వీసింగుకిచ్చినప్పుడు ఓ రౌండు వేసుంటాడు.”

“సర్వీసింగుకి ఎప్పుడిచ్చాం?”

“ఇవ్వలేదా?”

“ఉండండి, అతన్నే అడుగుతా… హలో, మెకానిక్ గారూ, ఈ నెల్లో మా బండి మీ దగ్గరికొచ్చిందా? లేదా? గట్టిగా చెప్పండి, సార్ కూడా వింటారు… లేదట. విన్నారుగా.”

“విన్నాను మేడమ్.”

“అయితే వాచ్‌మనే. తాళం ఎక్కడుంటుందో అతనికి తెలుసు.”

“ఛ, పాపం అతన్నెందుకంటావు? అతనికి డ్రైవింగే రాదు.”

“మీకూ రాదు. అంతమాత్రాన తాళం ఎక్కడుందో మీకు తెలీదా? ఆ మూడో నంబరు ఫ్లాట్ కుర్రాళ్ళు పురమాయించి ఉంటారు. ఉండండి, వాచ్‌మన్‌ని పైకి పిలుస్తా.”

“వద్దు! పిలవకు.”

“ఎందుకు వద్దు?”

“ఎందుకంటే… అతను భోంచేస్తుంటాడు.”

“పదకొండింటికా?”

“మేడమ్, అంత దూరం ఎందుకు? పాలసీ ఇచ్చేటప్పుడు బండిలో చిన్న పెట్టె బిగించాం కదా. ఏ రోజు ఎన్నింటికి స్టార్టయిందో, ఎటు వెళ్ళిందో నా ఫోన్లోనే కనిపిస్తుంది.”

“ఇంతసేపూ చెప్పరేం సార్! చూడండి, చూడండి.”

“సార్, మంచినీళ్ళు తెమ్మంటారా?”

“ఇప్పుడే తాగానండీ.”

“ఎండలో వచ్చారు కదా, ఇంకోసారి తాగండి.”

“అబ్బ, ఆయన్ని చూడనివ్వండి! సార్, ఆరో తారీఖునుంచి చదవండి.”

“ఆరో తారీఖు. పొద్దున్న అయిదుంపావు. కిలోమీటరు చిల్లర. ఏడో తారీఖు, అయిదుంపావు. కిలోమీటరు. ఎనిమిది… అదే టైము. తొమ్మిది, అదే టైము.”

“రోజూనా! ఎంత ధైర్యం! ఎక్కడికెళ్ళింది?”

“అదే విచిత్రంగా ఉంది మేడమ్. ఎక్కడికీ వెళ్ళలేదు. మీ బిల్డింగు వెనక సందులోనే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.”

“స్పీడు?”

“గంటకి ఎనిమిది.”

“ఎనిమిదా? దొంగయితే ఎటో ఒకవైపు పోతాడు కదా సార్. సందులో ముందుకీ వెనక్కీ తిరిగే దొంగెవడు? అదీ పొద్దున్నే అయిదుంపావుకి…”

“మేడమ్?”

“ఏవండీ.”

“ఊఁ.”

“మీరు వాకింగుకి వెళ్ళేది ఎన్నింటికి?”

“అయిదుకి.”

“ఎప్పట్నుంచి వెళ్తున్నారు?”

“ఆరో తారీఖునుంచి.”

“నేను బయల్దేరతాను మేడమ్. మీరిద్దరూ మాట్లాడుకోండి. క్లెయిము రాదని రాయక తప్పదు. నా చేతుల్లో ఉన్నది కాదు. వస్తానండీ. మంచినీళ్ళకి థాంక్స్.”

“తలుపు దగ్గరికి వెయ్యండి సార్… ఇప్పుడు చెప్పండి.”

“ఏం చెప్పను? దొరికిపోయాను కదా.”

“మూడు రోజులుగా నేను ఆ కస్టమర్ కేర్ వాళ్ళతో గొంతు పోయేలా అరుస్తుంటే, పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటున్నారా?”

“ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో నాకు తెలీదు. సందులో తిరిగింది కూడా లెక్కలోకి వస్తుందనుకోలేదు. ఒట్టు.”

“చక్రం తిరిగితే లెక్కే కదండీ! అసలు మీకు స్టీరింగెందుకు? ఇరవయ్యేళ్ళుగా నేర్చుకోమంటే భయమన్నారు.”

“ఇప్పుడూ భయమే.”

“మరి?”

“వచ్చే నెల పన్నెండున నీకు ఆపరేషన్. నెలన్నర స్టీరింగు ముట్టుకోకూడదన్నాడు డాక్టరు. నువ్వేమన్నావు? బస్సులో తిరుగుతానన్నావు. పొట్ట మీద కుట్లతో. బస్సులో.”

“ఆటో దొరక్కపోతే అన్నాను.”

“ఏదో ఒకటి. ఇన్నేళ్ళూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే తిప్పావు. మా నాన్నకి గుండెనొప్పి వస్తే నువ్వే తీసుకెళ్ళావు, నేను వెనక సీట్లో కూర్చుని ఏడిచాను. ఈసారైనా ఆస్పత్రినుంచి నిన్ను నేను ఇంటికి తీసుకొద్దామని… లెర్నర్ లైసెన్సు కూడా తీసుకున్నాను. కుట్టుమిషను సొరుగులో ఉంది.”

“నాతో అంటే నేర్పించేదాన్ని కదా.”

“నువ్వా? పక్కన కూర్చుని అరవకుండానా? క్లచ్చు నేర్చుకునేలోపు మన కాపురం ఇంజను ఆగిపోయేది.”

“నవ్వించకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“మండనీ.”

“ఎవరు నేర్పారు?”

“ఫోన్లో వీడియోలు చూసి… వాచ్‌మన్ ముందు నిలబడి రా రా అని చెయ్యి ఊపేవాడు.”

“ఖర్మ! ఇద్దరికిద్దరూ సరిపోయారు… సరే. ఏడిచినా ఇంక ఆ క్లెయిము రాదు. నాకోసం చేశారు, ఇంకేమంటాను? కానీ ఆ వెనకింటి మాస్టారిని మాత్రం వదలను. గోడ నానిపోయింది, చూసుకోండని ఎన్నిసార్లు చెప్పాను! మూడు రోజులుగా వీధిలో నిలబెట్టి కడిగేస్తుంటే నోరెత్తలేదు చూశారా? తల దించుకుని ఇటుకలు ఏరుకుంటున్నాడు. ఎత్తడానికి మొహమేదీ? ఆయన గోడ మన బండి మీద పడింది, బండి ఆయనే బాగుచేయించాలి. పోలీసు స్టేషనుకి వెళ్దాం. కంప్లయింటు కాగితం రాసి ఉంచాను. చెప్పులేసుకోండి.”

“ఆ కాగితం ఇలా ఇవ్వు.”

“ఎందుకు? చదివారుగా పొద్దున.”

“ఇవ్వు.”

“ఏవండీ! చింపేస్తారేం? మతిపోయిందా మీకు?”

“ముందు మాస్టారింటికి వెళ్దాం పద. ఆ పొద్దున నేను బండి వెనక్కి పోనిచ్చి పార్కింగులో పెడుతుంటే… గోడ దానంతటది పడలేదు.”